తొలేదో ఎగిరిన రోజు

"సిగ్గు లేదటమ్మా నీకు! ఇంత దూరం నుంచి తొలేదో ఊరు చూడ్డానికొచ్చి, తలొంచుకుని కాగితం చూస్తావేం? మడిచెయ్యి ఆ పటం. ముందు మడిచెయ్యమంటుంటే! ఈ ఊళ్ళో పటం పట్టుకు తిరిగినవాళ్ళు తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వస్తారు. తల పైకెత్తు. ఏం కనిపిస్తోంది?"

వచ్చినవాళ్ళకి కథలు చెప్పే గుమెర్సిందో అలా గదమాయించగానే ఆ ముసలామె నిజంగానే పటం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆమె పేరు సొకోర్రో. దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్న తరీఫా నుంచి వచ్చింది. తోడు వచ్చినవాళ్ళంతా పెద్ద చర్చి చూడబోతే, తను మోకాళ్ళ నొప్పితో నడవలేక కసీల్దా వైను కొట్టు ముందు కుర్చీలో కూలబడింది.

"గుడ్డలు కనిపిస్తున్నాయి," అంది తల పైకెత్తి.

ఆ మేడ నుంచి ఈ మేడకి, వీధి పొడుగునా, తెల్లటి పందిరి గుడ్డలు. సత్ప్రసాద పండుగ దగ్గర పడింది. ఊరేగింపు మీద ఎండ పడకుండా ఏటా కట్టే గుడ్డలే అవి. ఈ ఏడు కట్టేవాళ్ళలో కసీల్దా మేనకోడలు ఒబ్దూలియా కూడా ఉంది. ఆడపిల్ల ఆ పనిలోకి దిగడం ఆ వీధిలో అదే మొదలు. పొద్దున్న నిచ్చెన భుజాన వేసుకుని వచ్చి, "అత్తా, నాన్నని ఒక్కసారి వచ్చి చూడమని నువ్వైనా చెప్పవే," అని బతిమాలింది. కసీల్దా కబురు పంపింది. అన్న లియోకాదియో రాలేదు. పందిళ్ళు కట్టే రోజుల్లో అతను కొట్టు ముందున్న ఆ చౌకులోకి అడుగుపెట్టి చాలా ఏళ్ళయింది. గుమెర్సిందో చెప్పే కథే అందుకు కారణమని ఊరందరికీ తెలుసు. తెలిసీ వినేవారు. కథ అంత బాగుండేది మరి.

"ఆ గుడ్డ కట్టడం ఆషామాషీ కాదు," గుమెర్సిందో గ్లాసు కసీల్దా వైపు జరిపాడు, నింపమన్నట్టు. "ఒకప్పుడు నేను కట్టేవాణ్ణి. ఈ కొస నాది. ఇదిగో, ఈ కొట్టు పైన. అదిగో, ఎదురు మేడ మీద ఆ కొస, లియోకాదియో అని ఒకడు ఉండేవాడులే, వాడిది. ఇద్దరం చెరో తాడూ పట్టుకున్నాం. ఇంతలో నది మీదనుంచి గాలి లేచింది. ఆ గాలి వాడి వెనకనుంచి వచ్చింది. వాడేం చేశాడో తెలుసా? హడలిపోయి తాడు వదిలేశాడు!"

"వదిలేశాడా?" అంది సొకోర్రో.

"వదిలెయ్యడమే కాదు, వచ్చి ఇదిగో ఈ మెట్ల మీద పడ్డాడు, కాలు విరిగింది. వాడి సంగతి వదిలెయ్. నేను మాత్రం పట్టు వదల్లేదమ్మా. గాలి నన్ను పైకి లేపింది, మొదటి అంతస్తు, రెండో అంతస్తు, అక్కడెవరో ఆవిడ బాల్కనీలో గుడ్లు వేయిస్తోంది, 'కాస్త ఉప్పు తగ్గించమ్మా' అని చెప్పి ఇంకా పైకెళ్ళాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు బాబాయ్, ఉప్పు తగ్గించిందా?" మంగలి ఒనేసిమో షాపు గుమ్మంలోంచి అరిచాడు.

"నోర్ముయ్యరా! ఒక గుడ్డ లేస్తే మిగతావి ఊరుకుంటాయా? అన్నీ ఒకదానికొకటి కట్టినవేగా. ఊరంతా పరిచిన గుడ్డలన్నీ ఒక్కసారి ఓడ తెరచాపల్లా పొంగాయి. గోడలు పటపటలాడాయి. కింద రాయి కరకరమంది. ఊరు లేచిందమ్మా! పునాదులతో సహా, పందుల దొడ్లతో సహా, పెద్ద చర్చితో సహా లేచింది. గంటలు వాటంతటవే మోగుతున్నాయి. తేహో నది మూడువైపులా చుట్టుకుని ఉండేది చూశావూ, ఊరు లేచిపోయేసరికి మధ్యలో ఏమీ లేక ఆ నది వెర్రిమొహం వేసుకుని పైకి చూస్తోంది."

కసీల్దా ఎన్నిసార్లు విన్నా ఈ మాట దగ్గర నవ్వేది. ఇప్పుడూ నవ్వింది. ఒలీవ కాయల గిన్నె తెచ్చి సొకోర్రో ముందు పెట్టింది. ఈ కథ మొదలైతే వచ్చినవాళ్ళు గంటసేపు లేవరు. వాళ్ళు అలా కూర్చుంటే కొట్టుకు మంచిదే.

"మఠంలో కన్యాస్త్రీలు కిటికీలు తెరిచి, 'గుమెర్సిందో నాయనా, బరువు ఎక్కువైతే చెప్పు' అన్నారు. అన్నవాళ్ళు ఊరుకున్నారా, పండక్కి చేసిన బాదం మిఠాయిలన్నీ బుట్టలతో కిందికి కుమ్మరించారు. ఆ రోజు చుట్టుపక్కల పల్లెల్లో మిఠాయి వాన కురిసిందని ముసలాళ్ళని అడుగు, చెబుతారు. ఊరు అరన్హువేస్ తోటల మీదుగా పోతుంటే జనం కిటికీల్లోంచి వంగి స్ట్రాబెర్రీలు కోసుకున్నారు. చర్చి పెద్ద గురువుగారు అంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చి, 'గుమెర్సిందో, ఎక్కడికి పోతున్నామయ్యా?' అన్నారు. 'స్వామీ, ఇదే గాలి ఉంటే రాత్రికి రోముకి' అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, 'మరీ త్వరపడకు, బట్టలు సర్దుకోలేదు' అన్నారు!"

ఒనేసిమో గోడకి ఆనుకుని పొట్ట పట్టుకున్నాడు. సొకోర్రో కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"మరి దింపిందెవరు?"

"ఇంకెవరు? తాడు రెండో కొస వంతెన స్తంభానికి బిగించి, ఒక్కణ్ణే లాగాను. గుప్పెడు గుప్పెడుగా లాగాను. చేపల గాలం లాగినట్టు లాగాను. ఊరు వచ్చి మళ్ళీ రాయి మీద కూర్చుంది. కాకపోతే చీకట్లో ఏది ఎక్కడుండేదో సరిగ్గా చూసుకోలేదు. వీధులన్నీ కాస్త మెలితిరిగి చిక్కుపడ్డాయి. మీ పటాలు అందుకే పనిచెయ్యవు. తప్పు నాదే, ఒప్పుకుంటాను!" గ్లాసు పైకెత్తి తాగేశాడు.

చౌకంతా చప్పట్లు కొట్టింది. నిచ్చెన మీద ఒబ్దూలియా మాత్రం కొట్టలేదు. మొహం గోడవైపు తిప్పుకుని ముడి బిగిస్తోంది. కసీల్దా అది చూసీ చూడనట్టు గ్లాసు తుడిచింది.

సొకోర్రో నవ్వడం ఆపింది. "ఆ లియోకాదియో నిజం మనిషేనా, కథలో మనిషా?"

"నిజం మనిషే," అంది కసీల్దా. "మా అన్నయ్య."

"కాలు విరిగిందీ నిజమే?"

"నిజమేనమ్మా. ఈ మెట్ల మీద రక్తం నేనే కడిగాను."

ముసలామె వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసింది. తర్వాత ఎదురు మేడ వైపు చూసింది. మధ్యలో వీధంత వెడల్పు.

"మాది తరీఫా తల్లీ. గాలి ఊరు. దుప్పటి ఆరెయ్యాలన్నా ఇద్దరం కావాలి. ఒక కొస చెయ్యి జారితే, జారినవాళ్ళు ఉన్నచోటే ఉంటారు. పట్టుకున్నవాళ్ళని లాక్కుపోతుంది. మా వదిన పళ్ళు అలాగే ఊడాయి." గుమెర్సిందో వైపు తిరిగింది. "ఆ మేడ మీద తాడు వదిలేసినవాడు, వీధి దాటి ఇక్కడికొచ్చి ఎలా పడ్డాడయ్యా?"

ఒనేసిమో మొహంలో నవ్వు మిగిలి ఉంది గానీ దాన్నేం చెయ్యాలో తెలియలేదు.

"అయ్యో అక్కయ్యా," గుమెర్సిందో చేతులు ఊపాడు. "కథమ్మా ఇది! ఊరు ఎగురుతుందా ఎక్కడైనా? కథలో ఎవడో ఒకడు వదలాలి కదా!"

"కథలో ఎవరో ఒకరు వదలాలి. సరే. నిజంగా వదిలిందెవరు?"

అతను గ్లాసు అందుకున్నాడు. అది ఖాళీ. కసీల్దా నింపలేదు.

ఊరు ఎగిరిందన్న మాటను ఒక్కరూ నమ్మలేదు. మిఠాయి వాననీ, మెలితిరిగిన వీధుల్నీ పిల్లలు కూడా నమ్మలేదు. కానీ అంత పెద్ద అబద్ధానికి నవ్వుతూ, దాని మొదట్లో ఉన్న ఒక్క చిన్న మాటని ఊరు ఊరంతా మింగేసింది. నవ్వేవాడు తూకం వెయ్యడు. గుమెర్సిందోకి ఆ సంగతి తెలుసు. పట్టుకున్నవాణ్ణి పిరికివాడన్నాడు, వదిలినవాడు వీరుడై కూర్చున్నాడు.

కసీల్దా నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి బల్ల మీద పడేసి, కొట్టు అలాగే వదిలి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఎత్తు సందు ఎక్కి అన్న ఇంటికి పోయింది. లియోకాదియో తలుపు తీశాడు. ఆమె వగరుస్తూ అడిగింది.

"తాడు నువ్వు వదల్లేదు కదూ?"

"వదల్లేదు."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదన్నయ్యా?"

"మొదటి ఏడే చెప్పాను. నీ కొట్లోనే చెప్పాను. 'పోనీలే, కథ బాగుంది కదా' అని నవ్వావు."

కసీల్దా గుమ్మంలో గోడకి చేరేసిన అతని చేతికర్ర తీసి అతనికి అందించింది. "నీ కూతురు నిచ్చెన మీదుంది. రా."

అతను నెమ్మదిగా దిగివచ్చాడు. చౌకులో లేచి నిలబడి కుర్చీ ఇచ్చింది సొకోర్రో. ఒబ్దూలియా పైనుంచి తండ్రిని చూసి, ఏమీ అనకుండా, కట్టిన ముడిని విప్పి మళ్ళీ ఇంకా గట్టిగా కట్టింది. ఒనేసిమో వచ్చి లియోకాదియో ఎదుట నిలబడి టోపీ తీశాడు. క్షమించమని నోటితో అనలేకపోయాడు. తర్వాత గుమెర్సిందో వైపు తిరిగాడు.

"బాబాయ్, నీ కథ మాకిష్టమే. చెప్పుకో. ఎవరూ వద్దనరు. కానీ ఇక మీదట మొదటినుంచీ చెప్పాలి."

ఆ మాట ఎవరూ మార్చలేదు. గుమెర్సిందోని తిట్టలేదు, కొట్టలేదు, కొట్టులోంచి వెళ్ళగొట్టలేదు. మరుసటి ఏడు పందిళ్ళు కట్టినప్పుడు బయటి ఊరి జంట ఒకటి అతని బల్ల దగ్గర కూర్చుని, "ఊరు ఎగిరిన కథ చెప్పేది మీరేనటగా?" అని ఆశగా అడిగింది. చౌకు అంతా చెవులు రిక్కించింది. లియోకాదియో పక్క బల్ల దగ్గర రొట్టె తుంచుకుంటున్నాడు.

గుమెర్సిందో గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు గాలి లేచింది. ఈ కొస తాడు నా చేతిలో ఉంది. నేను..."

అక్కడ ఆగాడు. ఆ తర్వాతి ఒక్క మాట దాటితే చాలు, గుడ్లు వేయించే ఆవిడ ఉంది, కన్యాస్త్రీలు ఉన్నారు, రోముకి పోయే గాలి ఉంది. ఆ ఒక్క మాటా గొంతు దాటలేదు.

"పెద్ద చర్చికి ఎడమ సందులోంచి పొండి," అన్నాడు చివరికి, తల వంచుకుని.

అతను బతికినన్నాళ్ళూ అంతే. తొలేదో మళ్ళీ ఎగరలేదు.