గ్యారేజీలో మడి

బర్డ్ ఫ్లూ సోకిన కోళ్ల ఫారంలో మూడు రోజులు శాంపిళ్లు తీసి వచ్చిన వెటర్నరీ డాక్టరు, వాంకూవర్ శివార్లలోని తన ఇంటి గ్యారేజీలోనే ఆగిపోయింది. లోపలి గుమ్మంలో అత్తగారు మడిచీరలో నిలబడి ఉన్నారు.

“దగ్గరికి రాకండత్తయ్యా. పాపనీ రానివ్వకండి.”

“అక్కడే స్నానం చేసొచ్చావుగా?”

“చేశాను. అయినా పది రోజులు బేస్‌మెంట్‌లోనే ఉంటాను. కంచం కూడా వేరే పెట్టండి.”

“నా మడి చూసి నవ్వేదానివి. నన్ను మించిపోయావే!”

“పొద్దుట్నుంచీ కళ్లు మండుతున్నాయత్తయ్యా.”

అత్తగారి నవ్వు ఆగిపోయింది.

“జ్వరమా?”

“తెలీదు. హెల్త్ వాళ్లకి ఫోన్ చేశాను. టెస్ట్‌కి రమ్మన్నారు.”

ఆవిడ మెట్టు దిగారు.

“వద్దత్తయ్యా! మడిలో ఉన్నారు, నన్ను ముట్టుకోకూడదు!”

వంట పూర్తయ్యేదాకా కన్నకొడుకునైనా తాకని ఆ చెయ్యి, కోడలి నుదుటి మీద ఆనింది.

“కాలిపోతోందే తల్లీ” అన్నారు అత్తగారు, చెయ్యి తియ్యకుండా.