ఎవరి తెలుపు తెల్లన?

నాటింగ్‌హామ్‌లో ఆదివారం మధ్యాహ్నం బొమ్మల క్లబ్బు. లేసు మిల్లులో రిటైరైన ఇద్దరు స్నేహితురాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని, బొటనవేలంత అస్థిపంజర సైనికులకు రంగులేస్తున్నారు. ఒకామెకు పది రోజుల కిందటే కుడి కంటి శుక్లం తీశారు.

"ఏమే, నీ హార్టన్ కంపెనీ తెల్లరంగు సీసా ఒకసారి ఇటివ్వు."

"పదేళ్ళుగా దాన్ని పసుపు, పసుపు అని తిట్టావుగా! ఇప్పుడెందుకట?"

"పాలలా ఉందే ఇది!"

"మరి నువ్వు వాడే ఆ బ్రెల్సీ కంపెనీ తెలుపు?"

"నవ్వకు. నీలంగా ఉంది. నా సైన్యమంతా నీలమే. మిల్లులో ముప్పై ఏళ్ళు తెలుపులు ఏరినదాన్ని, నాకే చెప్పొచ్చావా అని నీ మీద ఎగిరాను కూడాను."

"రెండూ మంచి రంగులేనే. శుక్లంతో నీ కన్నే పసుపుబారింది."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే విన్నావా? పైగా ఆ సైన్యానికి పోటీలో కప్పు కూడా ఇచ్చారాయె. 'చలికి నీలిగా కొయ్యబారిన ఎముకలు, ఎంత గొప్ప ఊహ!' అని జడ్జి తెగ మెచ్చుకున్నాడు."

"పాపం, ఆయనకు చూపు ఆనట్లేదేమో అనుకున్నానే నేను!"

"అబ్బా, నవ్వించకే, టీ ఒలికిపోతుంది."

"గురువారం ఎడమ కంటికీ ఆపరేషన్ చేస్తారట. మానేద్దామనుకుంటున్నా. తెల్లగా కనబడేదాకా కంటి అంచనాతోనే రంగు కలిపేదాన్ని, అదీ బాగైపోతే ఆ నీలం మళ్ళీ నా చేతికి రాదు. ఇంకా నలుగురు సైనికులు మిగిలారు."

"మానేశావంటే చంపేస్తాను. నేనే దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్తా. ఈలోగా కుడి కన్ను మూసుకుని ఆ నలుగురినీ కానిచ్చెయ్."