ఆరో గదికి వేసిన పచ్చరంగు

ఆసుపత్రి వరండాలో వైఫై సర్వే చేసే కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని అడుగడుక్కీ ఆగుతూ ఆరో గదిలోకి వచ్చాడు. వెనకే పెద్ద నర్సు.

"సిస్టర్, ఆరో గదిలో సిగ్నలే లేదు. పక్కనున్న ఎక్స్‌రే గది గోడలో సీసం రేకు ఉంది. ఇక్కడ రోగి వైఫై బెల్ నొక్కితే మీ డ్యూటీ ఫోన్ మోగదు."

"అంటే మొన్న ఈ గదిలో పెద్దాయన బెల్ నొక్కి పిలిచినప్పుడు..."

"మోగి ఉండదండీ. తప్పు నాదే. పోయినేడాది సర్వేలో, లోపల ఎవరో నిద్రపోతున్నారని ఈ గదిలోకి రాలేదు. పక్క గదిలో చూసి, మ్యాపులో దీనికీ సిగ్నల్ బాగుందని పచ్చరంగు వేసేశాను. ఆ సంగతి రాసిస్తాను."

"అమ్మయ్య! ఆయనకేం కాలేదు, అదే పదివేలు. నేనే వినిపించుకోలేదన్నారు అందరూ."

"ఫోన్ మోగలేదని చెప్పలేదా?"

"ఎలా చెప్పను బాబూ? నాకే అనుమానమొచ్చి నిన్న చెవులు చూపించుకున్నాను. భేషుగ్గా ఉన్నాయన్నాడు డాక్టరు. నా మొహం చూసి జాలిపడి అబద్ధమాడాడనుకున్నా."