గేర్లో ఉండి జారిన జీపు

పనిచోట అందరూ నన్ను జీపమ్మ అంటారు. వయసు ముప్పై ఆరు. బోర్లు వేసే లారీ వెంట తిరిగే జీపుకు డ్రైవరును. లారీ, జీపు రెండూ మా బావగారివి, అంటే మా ఆయన అన్నగారివి. మా ఆయన ఆయన దగ్గరే బోరు మిషను నడుపుతాడు. నేను గేరు వెయ్యకుండా జీపును గాలికి వదిలేశాననీ, అందువల్లే మా ఆయన కాలు పోయిందనీ బావగారు నా మీద ఫిర్యాదు ఇచ్చారు. దానికి జవాబుగా ఇన్‌స్పెక్టరుగారి ముందు ఇది చెబుతున్నాను.

దూరం వెళ్ళేటప్పుడు జీపును లారీ వెనక కట్టి, నాలుగు చక్రాలూ నేల మీదే దొర్లేలా లాక్కెళతాం. జీపులో రెండు గేరు రాడ్లుంటాయి. పెద్దది అందరికీ తెలిసిందే. పక్కనున్న చిన్నదానితో బండిని రెండు చక్రాల మీద నడపాలా, నాలుగింటి మీదా నడపాలా అన్నది మారుస్తాం. కట్టేటప్పుడు పెద్దదాన్ని టాప్ గేర్లో వేసి, చిన్నదాన్ని న్యూట్రల్‌లో పెడతాం. అలా పెట్టకుండా లాగితే గేరుబాక్సు పాడైపోతుంది. స్టీరింగు తిరగాలి కాబట్టి తాళంచెవి తిప్పి లాకు తీసి ఉంచుతాం. అయితే చిన్న గేరు న్యూట్రల్‌లో ఉన్నంతసేపూ గేరుబాక్సుకూ చక్రాలకూ సంబంధం ఉండదు. పెద్ద గేరు వేసి ఉన్నా జీపు జారిపోతుంది. అందుకే విప్పేటప్పుడు ముందు నేను జీపులో కూర్చుని, బ్రేకు తొక్కి, చిన్న గేరు వేసి, సరే అని కేక వెయ్యాలి. జీపును లారీకి కలిపి ఉంచే ఇనప పిన్ను ఆ తర్వాతే తియ్యాలి. ఈ పద్ధతి మాకు నేర్పింది బావగారే.

హ్యాండుబ్రేకు తీగ తెగి చాలా కాలమైంది. బాగు చేయించమని అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టింది. బండిని గేర్లో పెట్టి ఆపుకోవడం చేతకాని డ్రైవరుకే హ్యాండుబ్రేకు కావాలని బావగారు అందరి ముందూ నవ్వేవారు. మా ఆయన కూడా నవ్వేవాడు.

మొన్న మంగళవారం పొద్దున పదకొండు గంటలకు పనిచోటికి చేరాం. అక్కడ దారి ఎత్తుగా ఉంది. లారీ పైన, జీపు కింద నిలిచాయి. బోరు వేయించుకునేవాళ్ళు ఆలస్యమైందని ఫోన్లో తిడుతుంటే బావగారు ఆ చిరాకుతోనే దిగారు. మా ఆయన జీపు వెనక చక్రానికి అడ్డం పెడదామని రాయి తీసుకుని వెళ్ళాడు. నేను క్యాబిన్ మెట్టు దిగుతుండగానే సుత్తి దెబ్బ వినబడింది. పిన్నుకు తోడుగా కట్టే గొలుసును బావగారు అప్పటికే విప్పేశారు. బరువంతా పిన్ను మీద పడి చేత్తో రాకపోయేసరికి సుత్తితో కొడుతున్నారు.

“బావగారూ, ఆగండి, చిన్న గేరు ఇంకా వెయ్యలేదు,” అన్నాను.

“పెద్దది వేసే ఉందిగా. ఎక్కడికి పోతుంది?” అన్నారు.

ఇంకో దెబ్బ కొట్టారు. పిన్ను ఊడింది. ఇంజను ఆగి ఉంది కాబట్టి జీపు కదిలిన సంగతి మా ఆయనకు తెలియలేదు. వంగి ఉన్నాడు. చక్రం కుడికాలు మీదుగా వెళ్ళింది. నేను పరిగెత్తి వెళ్ళేసరికి రాయి ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

జీపును క్రేన్‌తో తెచ్చి ఈ స్టేషను గేటు దగ్గర దించారు. అక్కడి నుంచి ఇద్దరు కానిస్టేబుళ్ళు దాన్ని చేత్తో తోసి లోపలికి తెచ్చారు. నేను వరండాలో బల్ల మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఇన్‌స్పెక్టరుగారు తలుపు తీసి చూస్తే పెద్ద గేరు టాప్‌లోనే ఉంది. అది నేను తర్వాత వేసి ఉంటానని బావగారు అన్నారట. ఎప్పుడు వేసినా సరే, గేర్లో ఉన్న బండి ఇద్దరు తోస్తే ఎలా దొర్లిందో బావగారినే అడగండి. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తోచలేదు. తప్పు నా నెత్తిన రుద్దడం మాత్రం అందరికీ తోచింది.

నిన్న ఆసుపత్రిలో మా ఆయన్ని అడిగాను. నేను ఆగమనడం, అన్నగారు ఆగకపోవడం విన్నది విన్నట్టు చెప్పమన్నాను. విన్నానన్నాడు. చెప్పనన్నాడు.

“అన్నయ్య లోపలికెళితే బోరు పని ఆగిపోతుంది. నువ్వెళితే ఏం ఆగుతుంది?” అన్నాడు.

ఒళ్ళు మండింది. ఏడుపు కూడా వచ్చింది. కాలు పోయి పడుకున్న మనిషిని ఏమంటాను? కట్టు మీద దుప్పటి సర్ది వచ్చేశాను.

పైన రాసిందంతా నేను చెప్పిందే. చదివి వినిపిస్తే విన్నాను, ఒక్క ముక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. మా ఆయన ఇంకోలా చెప్పినా, ఇంటికి వచ్చి బతిమాలినా, ఇది మార్చను.

(సంతకం)