నీడకి జడ

బహుమతులిచ్చే ముందు, ఫొటోగ్రఫీ క్లబ్బు కార్యదర్శి తన చెల్లెలి భర్తను పక్క గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"మొదటి బహుమతి వచ్చిన ఈ ఫొటో నువ్వే తీశావా బావా?"

"నా పేరుతోనే వచ్చిందిగా."

"ఎండ వెనకనుంచి పడుతుంటే తీసినవాళ్ళ నీడ ఫొటోలోకి వస్తుంది. ఇదిగో, ఈ మూల చూడు. నీడకి ఇంత పొడుగు జడుంది! నీ బట్టతలకి ఎక్కణ్ణించి మొలిచింది?"

"అయ్యో, అది నేను చూసుకోలేదు."

"ఎవరావిడ? మా చెల్లెలికి తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ నోరు మూసుకుని ఊరుకుందా?"

"క్లబ్బులో చేరతానని నీ దగ్గరికొస్తే, 'నీకెందుకే ఈ కెమెరాలు' అని పంపేశావుగా. అందుకే నా పేరు పెట్టి పంపింది."

"అంటే..."

"చిన్నప్పుడు రోజూ నువ్వు పట్టుకు లాగిన జడే కదా బావా, గుర్తుపట్టలేదూ?"