తాళం లేని సొరుగు

వద్దమ్మా, మీరు లేచి వంటింట్లోకి తొంగి చూడక్కర్లేదు. నేనే చెప్తున్నాగా. కత్తుల సొరుగుకి తాళం లేదు. ఊడిపోలేదు, విరిగిపోలేదు, నేనే తీసేశాను. వెర్నా స్టాంపర్ అని పూర్తి పేరు రాసుకోండి, అక్షరం పొల్లుపోకుండా. పాపం, ఈ కొండల్లో మెలికలు తిరుగుతూ ఇంత దూరం కారేసుకుని వచ్చారు, ఉత్త చేతుల్తో ఎలా పంపిస్తాను?

కూర్చోండి, కోర్ట్నీ గారూ. ఆ పిల్లిని తోసెయ్యండి, అదే దిగుతుంది. లోపల ఆ టకటకా? డార్సీ ఉల్లిపాయ తరుగుతోంది. ఆఁ, కత్తితోనే. చెంచాతో తరగమంటారేమిటి?

ఏమిటీ? బడిలో నర్సు... తెలుసు, నాకూ చేసింది ఫోను. పిల్ల వేలికి గుడ్డ చుట్టుకుని, చెయ్యి స్వెట్టర్ జేబులో దాచుకుని క్లాసులో కూర్చుందిట. జేబంతా రక్తమట. ఇంకేం, మీ పిల్లల సంక్షేమం ఆఫీసు మొత్తం కదిలిపోయింది! ఎవరో కన్న పిల్లని పదిహేనో ఏట మీవాళ్ళే తెచ్చి నా గుమ్మంలో దించారు, పద్దెనిమిది నిండేదాకా పెంచమన్నారు. పెంచాను. వచ్చే నెలలో నిండుతాయి. ఆ మర్నాటి నుంచీ మీ ఫైలు మూసేస్తారు. మరి అప్పుడు వేలు తెగితే ఎవరు కదుల్తారో అది కూడా చెప్పి వెళ్ళండి.

"ఈ ఇంట్లో పిల్లకి క్షేమం కాదు" అనే కదా రాస్తారు? రాశాక ఏం చేస్తారో మీ నోటితో మీరే చెప్పండి, వింటాను.

వద్దులెండి, నేనే చెప్తాను. ఉన్న ఈ నెల్లాళ్ళకీ దాన్ని తీసుకెళ్ళి ఎక్కడో దూరపు పిల్లల హోములో పడేస్తారు. ఇక్కడ బెక్లీ టౌన్లో ఒక హోటల్ వంటింట్లో శనివారం శనివారం పని నేర్చుకుంటోంది. బడి అవగానే పన్లో పెట్టుకుంటానన్నాడు ఓనరు, మేడ మీద గది కూడా ఇస్తానన్నాడు. పిల్ల శనివారాలు రావడం మానేస్తే ఇంకొకర్ని చూసుకుంటాడు, వాడిదేం పోయింది? దీనికి మాత్రం పని పోతుంది, గదీ పోతుంది. పుట్టినరోజు నాడు సంచీ పట్టుకుని హోము గేటు బయట నిలబడుతుంది. వేలు తెగినందుకు ఇంత శిక్షా, తల్లీ?

కాదు కాదు, కత్తులకి తాళం వెయ్యాలన్న ఆ నియమం ఎందుకు పెట్టారో నాకు తెలీదనుకోకండి. ఎక్కడో ఏ పసివాడో కోసుకుని ఉంటాడు. లేదంటే ఏ పిల్లో కావాలనే కోసుకుని ఉంటుంది. ఇదివరకు నా దగ్గర ఇద్దరు బుల్లి కవలలు ఉన్నప్పుడు కత్తులే కాదు, ఫోర్కులు కూడా తాళంలోనే. తలనొప్పి మాత్రలు, అగ్గిపెట్టె, గిన్నెలు తోమే సబ్బు, అన్నీ తాళంలోనే. తాళంచెవి నా మెళ్ళో. నిద్రలో కూడా తీసేదాన్ని కాదు. అప్పుడు మీ ఆఫీసు వాళ్ళు నన్ను ఎంత మెచ్చుకున్నారని!

కానీ పిల్ల పెరుగుతుంది కదమ్మా. మీ తాళం మాత్రం అలాగే ఉంటుంది.

డార్సీ వచ్చిన కొత్తల్లో ఏం చేసేదో తెలుసా? అడిగేది. "వెర్నా గారూ, ఫ్రిజ్జు తియ్యచ్చా?" "వెర్నా గారూ, మజ్జిగ తాగచ్చా?" "వెర్నా గారూ, స్నానం చెయ్యచ్చా?" ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను, మతిలేనిదాన్ని! ఒకనాడు నేను చర్చి నుంచి వచ్చేసరికి దానికి ఒళ్ళు కాలిపోతోంది. జ్వరం. మంచం మీద ముడుచుకుని కూర్చుని గజగజ వణుకుతోంది. దుప్పట్లు నా గదిలో ఉంటాయని దానికి తెలుసు. తెచ్చుకోలేదు. అడగడానికి నేను ఇంట్లో లేనుగా మరి! ఎన్ని ఇళ్ళు తిప్పారో దాన్ని, అన్ని ఇళ్ళలోనూ అదే నేర్చుకుంది. లోకంలో వస్తువులన్నీ ఎవరివో, తన వంతు అడగడమే.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కొత్త చట్టం పెట్టాను. అడిగినవాళ్ళకి లేదు, తీసుకున్నవాళ్ళకి ఉంది. "వెర్నా గారూ, రొట్టె తినచ్చా?" "వీల్లేదు." అలా బొమ్మలా నిలబడేది. నేను పేపరు చదువుతున్నట్టు నటించేదాన్ని, ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు! చాలాసేపటికి మెల్లిగా చెయ్యి చాపి, నాకేసి చూస్తూ తీసుకునేది, దొంగలా. దొంగైతే అయింది, తిన్నది కదా.

మీ క్లాసా? నన్ను నవ్వించకండి. "సొంతంగా బతకడం" అని పేరు పెట్టి పిల్లల్ని కుర్చీల్లో కూర్చోబెట్టారు, గోడ మీద వీడియో వేశారు. వంటింటి జాగ్రత్తలు చూపించి, ప్రశ్నలడిగి, దీనికి నూటికి నూరు వేశారు. సర్టిఫికెట్ తెచ్చి ఫ్రిజ్జుకి అంటించుకుంది. ఆ సాయంత్రమే చేతికి బంగాళదుంప ఇచ్చి, చెక్కు తియ్యవే అన్నాను. కత్తికేసి చూసింది. నాకేసి చూసింది. "ఎటువైపు పట్టుకోవాలి?" అంది. పదిహేడేళ్ళ పిల్లమ్మా! మొదట నవ్వొచ్చింది నాకు. తర్వాత బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

మీకు కత్తి పట్టుకోవడం ఎవరు నేర్పారేమిటి? మీ అమ్మగారా? ఎన్నో ఏట? ఏడో ఏటే! వేలు తెగలేదూ? తెగిందిగా! ఏం చేశారప్పుడు? "అమ్మా" అని ఇల్లెగిరిపోయేలా అరిచి ఉంటారు, ఆవిడ చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చి ఉంటుంది. ఆవిణ్ణి రెండు తిట్టి మిమ్మల్ని వేరే ఇంటికి మార్చారా ఎవరైనా? మార్చలేదు కదూ.

తాళంచెవా? వాగులో ఉంది, వెతుక్కోండి. నేను పారెయ్యలేదు, దాని చేతే పారేయించాను. విసరడం కూడా రాదు దానికి! మొదటిసారి ఒడ్డునే రాళ్ళ మధ్య పడింది. ఇద్దరం బురదలో దిగి, తడుముకుని, పట్టుకుని మళ్ళీ విసిరాం. నా చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. అప్పుడు నవ్వింది చూడండి అది, పొట్ట పట్టుకుని! అలాంటి నవ్వు దాని మొహాన నేనెప్పుడూ చూళ్ళేదు.

సరే, ఆ వేలు సంగతికే వద్దాం. ఆ వేళ పొద్దున్నే బేకన్ మాంసం కోస్తుంటే కత్తి జారింది. నేను పక్క గదిలోనే ఉన్నాను, బట్టలు మడతపెడుతూ. కిక్కురుమనలేదు పిల్ల. నేల తుడిచింది. కత్తి కడిగి సొరుగులో పెట్టేసింది. గిన్నెలు తుడిచే గుడ్డ చుట్టుకుని, "వెళ్ళొస్తాను వెర్నా గారూ" అని మామూలుగా చెప్పి బస్సెక్కేసింది. ప్లాస్టర్లు ఎక్కడుంటాయో తెలుసు, అయినా తియ్యలేదు. ఒకటి తగ్గిందని నేను కనిపెడతానేమోనని! వెనకటి ఇంట్లో గాజుగ్లాసు పగిలి అరిచెయ్యి తెగితే, వారం తిరక్కుండా సామాను సర్దించి ఇక్కడికి పంపేశారట. మీరు కాదులెండి, మీకన్నా ముందు ఈ ఉద్యోగంలో ఉన్నావిడ. రక్తం కనిపిస్తే ఇల్లు పోతుందని దానికి బాగా తెలుసు.

మీ తాళాలన్నీ కలిసి దానికి నేర్పింది అదేనమ్మా, రక్తం దాచుకోవడం.

నాకు ఒళ్ళు మండింది వేలు తెగినందుక్కాదు, అరవనందుకు. సొంతంగా బతకాలి, సొంతంగా బతకాలి అంటారే మీరంతా, ఎవర్నీ పిలవకుండా బతకడం దానికి ఎప్పుడో వచ్చు. అది మాన్పించలేకే నేను చస్తున్నాను. రేపు ఆ మేడ మీద గదిలో జ్వరమొచ్చి పడుంటే, ఫోను తీసి "వెర్నా, ఒకసారి రా" అనగలదా? అనలేదు. నా భయమంతా అదే. కత్తులు కాదు.

ఇది కూడా రాసుకోండి.

మీరు మంచివాళ్ళే. మీ పైవాళ్ళకి కాగితం కావాలి, అంతే కదా? అయితే ఒక పని చెయ్యండి. పిల్లల్ని పెంచమని మీరిచ్చిన లైసెన్సు అదిగో, గోడకే ఉంది. మేకుతో సహా పీక్కుపోండి. ముసలిదాన్నయ్యాను, ఇంకెవర్నీ పెంచనక్కర్లేదు నేను. దాన్ని మాత్రం ఈ నెల్లాళ్ళూ కదిలించకండి. కదిలిస్తామంటారా, ఇదిగో, ఈ గుమ్మానికి అడ్డంగా కూర్చుంటాను. నన్ను దాటి తీసుకెళ్ళండి చూద్దాం. మోకాళ్ళు పనిచెయ్యవు గానీ బరువుకేం లోటు లేదు నాకు.

వాసన వస్తోందా? మొక్కజొన్న రొట్టె. ఇనప పెనంలో పోసి ఓవెన్లో పెట్టింది, తనంతట తనే. బీన్సూ, పచ్చి ఉల్లిపాయా వేసుకుని తిని మరీ వెళ్ళండి. తిట్టానని తిండి పెట్టననుకున్నారా? అయ్యో, ఆ పెనం కాడ గుడ్డతో పట్టుకోవాలని చెప్పానో లేదో...

అరిచింది!

విన్నారా మీరు? అరిచింది కదూ? ఆ బూతుమాట రాయకండి, అది హోటల్లో నేర్చుకుంది. ఉండండి, ఉండండి, ఏదో అంటోంది.

"వెర్నా! ఇలా రా! చెయ్యి కాలింది, తొందరగా రా!"

విన్నారా? గారూ లేదు, గీరూ లేదు! పిలవచ్చా అని అడగలేదు. రమ్మంది నన్ను! మూడేళ్ళ నుంచీ నేను ఈ ఒక్క... నా మొహంకేసి చూడకండి మీరు.

చెయ్యి కూడా కాలిందని రాసుకోండి. చెప్పలేదు ఈ ముసల్ది పెనం సంగతి, అదీ రాసుకోండి. ఏం రాసుకున్నా సరే, నాకు పనుంది. లేవండి, తోవకడ్డం! వస్తున్నానే! చన్నీళ్ళ కింద పెట్టు చెయ్యి, వస్తున్నా!