గుమ్మం చెక్క మీద గీత

హలో… ఆ, నేనే. నోయెమీని. ఫ్రెస్నో ఆస్పత్రిలోనే ఉన్నా…

పెన్ను తీసుకుని రాసుకో. అమ్మ ఇన్సూరెన్స్ కార్డు. కళ్ళద్దాలు. జపమాల. ముందు గుండీలున్న గౌను, తలమీంచి తొడుక్కునేది వద్దు, చేతులెత్తలేదు. కోళ్ళకి మేత వెయ్యి. పళ్ళ షెడ్డు మేస్త్రీకి ఇవాళ రానని చెప్పు. పొయ్యి మీద ఆ బీన్స్ గిన్నె… పారబొయ్యి. ఆఖర్న, కొలిచే టేపు వెతుకు.

…టేపే. చెప్తా.

…లేదక్కా, పడలేదు. ఎన్నిసార్లు అడుగుతావ్. బీన్స్ గిన్నె దించుదామని వంగింది, అంతే. వెన్నులో ఒక పూస చితికింది.

…ఎక్స్‌రేలో ఇంకో మూడున్నాయి. పాతవి. ఎప్పుడు విరిగాయో ఎవరికీ తెలీదు.

…ఆ. అమ్మ ‘షెడ్డు నడుంనొప్పి’ అనేది చూడు. అవే.

…ఏడవట్లేదు. ఏడుపు రావట్లేదు. కాఫీ మిషను ముందు నిలబడ్డా, ఏం నొక్కాలో తెలీక.

విను. అమ్మ వయసులో ఉన్నప్పుడు ఎంత ఎత్తుండేదని డాక్టరమ్మ అడిగింది. నాకు తెలీలేదు. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే, అమ్మ ఎత్తెంతో తెలీదు. అప్పుడు వంటింటి గుమ్మం గుర్తొచ్చింది. చెక్క మీద మన గీతలు.

…అదే. నాకు పదేళ్ళప్పుడు అమ్మని కూడా పట్టుకొచ్చి నిలబెట్టాం కదా, వద్దు వద్దంటుంటే. నేల నుంచి కొలువు.

…సరిగ్గా చూడు.

…అరవై రెండంగుళాలు. సరే. ఏప్రిల్లో క్లినిక్‌లో కొలిస్తే యాభై ఎనిమిది.

…నాలుగు తగ్గింది. అవును. మన కళ్ళ ముందే.

…అమ్మమ్మ గురించీ అడిగింది. నడుం వంగిపోయి పోయిందని చెప్పాను. ‘మా ఇంటి ఆడవాళ్ళంతే’ అని అమ్మ అనేదనీ చెప్పాను. రాసుకుంది. ఎముకలిలా గుల్లబారడం కొంత ఇంటి రక్తంలో వస్తుందట. కొంత తిండి.

…కడుపు నిండా తిన్నాం, కాదన్లేదు. ఏం తిన్నాం? అక్కడ మన దేశంలో, మిచోవకాన్‌లో, అమ్మమ్మ మొక్కజొన్నలు సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి, రుబ్బి రొట్టెలు చేసేదట. ఆ సున్నం ఎముకలకి మంచిదట. ఈ దేశం వచ్చాక పది గంటలు షెడ్డులో నిలబడొచ్చి ఎవరు రుబ్బుతారు? మైదా రొట్టెల పాకెట్లు. నువ్వూ అమ్మా ఆ నల్ల సోడా.

…పాలా? పాలెవరు తాగారక్కా. డబ్బా మీద అమ్మ నల్ల పెన్నుతో గీత గీసేది, గుర్తుందా. దాని కిందకి దిగకూడదు. నాన్నకి, రొహేలియో అన్నయ్యకి. పొలంలో బరువులు మోస్తారని. షెడ్డులో నువ్వు మోసినవి బరువులు కావట. మనకి కాఫీ.

…ఉండు, టేపు లోపల పెట్టకు. నీ గీత కొలువు. పదిహేడేళ్ళప్పటిది.

…అరవై మూడు. ఇప్పుడు చెప్పులు విప్పు. మడమలు చెక్కకి ఆనించు. తలమీద ఏదన్నా అట్టపెట్టె పెట్టి వేలితో నొక్కి పట్టుకో, కిందనుంచి తప్పుకో, గీత గియ్యి.

…నవ్వకు. నిలబడు.

…ఎంత?

…మళ్ళీ కొలువు.

…టేపు సాగలేదక్కా. గుమ్మమూ పెరగలేదు. అరవై ఒకటిన్నర. నీకింకా నలభై ఏడే.

…అక్కా. ఉన్నావా?

…నీకొకటి చెప్పాలి. పొద్దున నువ్వు షెడ్డుకి వెళ్ళాక అమ్మ నాకు అరగ్లాసు పాలు పోసేది. ‘చదువుకునేదానివి, తాగు. అక్కకి చెప్పకు’ అనేది. తర్వాత గీత దాకా నీళ్ళు పోసేది. ఈ దేశం ఆవులు నీళ్ళే ఇస్తాయని అన్నయ్య తిట్టేవాడు చూడు…

…నీకు ముందే తెలుసా?

…సాయంత్రం ఆ గ్లాసు నువ్వే కడిగేదానివి. అవును కదా.

…ఒక్కసారీ అనలేదే.

…సరే. …సరే అక్కా.

…కాదు, ఆ పాల వల్లేనని డాక్టరమ్మ అనలేదు. ఏ ఒక్కదాని వల్లా కాదంది. నేనే అనుకుంటున్నా.

గురువారం తొమ్మిదిన్నరకి నీకు ఎముకల పరీక్ష. రాయించేశాను. బల్ల మీద పడుకుంటే చాలు, మిషను పైనుంచి వెళ్తుంది. నొప్పుండదు.

…పీచ్ పళ్ళ సీజనని తెలుసు. అమ్మకీ ఏటా సీజనే.

…ఊ అను. తలూపితే నాకు కనపడదు.

…మళ్ళీ అను.

…ఆ. మంచిది.

…అమ్మ బతుకుతుంది. నిటారుగా నిలబడదట, అంతే.

ఇంకొకటి, ఇది రాసుకోనక్కర్లేదు. ఇంటి ఓనరు రంగు వేయిస్తానన్నాడుగా, ఆ గుమ్మం చెక్క వదిలెయ్యమను. ఇక్కడ దుప్పటి కింద అమ్మ చిన్నపిల్లలా ఉంది. చూసి ఈ గది గుమ్మంలోనే ఆగిపోతావు, నేనూ ఆగిపోయాను. లోపలికొచ్చే ముందు ఆ గీత తలుచుకో. పీచ్ పళ్ళ పెట్టె భుజానేసుకుని వంటింట్లోకి వచ్చేది, తల కాస్త వంచి, పెట్టె పైన తగలకుండా…

ఆవిణ్ణి గుర్తుపెట్టుకో అక్కా. అరవై రెండంగుళాలు.

…నర్సు పిలుస్తోంది. ఉంటాను.